పటేల్ షాట్‌లో మనం, సంఘం షాట్‌లో ఎప్పుడు?

ఈ నాలుగైదు వారాల్లో పాతవీ కొత్తవీ కలిపి వరుసగా కొన్ని సినిమాలు చూసిన. ఆర్ఆర్ఆర్, పుష్ప రెండు భాగాలు, కాంతార, జై భీమ్, మళ్ళొకసారి బాహుబలి. మధ్యమధ్యలో టీవీలో వచ్చే కామెడీ స్కిట్లు కూడ. వీటిలో సగం మీరు థియేటర్లో విజిల్ వేసి చూసినవే. వీటిలో చాలావాటిలో అడివి ఉంది. అడివి మనుషులు ఉన్నరు. వాటితోపాటు నాకు ఒక చెయ్యి కూడ పదే పదే కనపడ్డది. పైనుంచి కిందికి చాపి ఇచ్చే చెయ్యి. చదువు ఇస్తది, గెలుపు ఇస్తది, భూమి ఇస్తది. మనం కింద నిలబడి తీసుకుంటనే ఉంటం.

ఈ చెయ్యి గురించే నేను రాస్తున్న. "సినిమాని సినిమాలెక్క చూడాలె" అనేటోళ్ళకు కూడ ఇందులో జవాబు ఉంది. ఓపికగా చదవండి.

ముందు ఒక మాట, మా జహీరాబాద్ మాట. మా ఊరి పక్కనే పస్తాపూర్ ఉంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉన్న ఊరు. అక్కడి సంఘాల ఆడోళ్ళు, ఎక్కువమంది దళిత మహిళలు, బడి మెట్టు ఎక్కనోళ్ళు, 1990ల చివర్లో వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నరు. పొద్దంతా చేన్ల పని చేసిన చేతులతోటే కెమెరా పట్టిండ్రు. విత్తనాల మీద, చిరుధాన్యాల మీద ఫిల్ములు తీసిండ్రు. వరంగల్ రైతులు బీటీ పత్తితోని ఎట్ల మునిగిండ్రో 2003లో తీసి చూపించిండ్రు. ఝరాసంగం మండలం మాచునూరులో 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలైంది. దాన్ని నడిపిందీ ఆ ఆడోళ్ళే.

వాళ్ళు కెమెరా నేర్చుకునేటప్పుడు షాట్లకు పేర్లు పెట్టుకున్నరు. ఇంగ్లీషు పేర్లు నోరు తిరగక కాదు, అర్థం కావాలె కాబట్టి. కెమెరా పైనుంచి కిందికి మనిషిని చూస్తే అది పటేల్ షాట్. ఎందుకంటే పటేల్ అరుగు మీద కూర్చొని మనని అట్లనే చూస్తడు. కెమెరా కింది నుంచి పైకి చూస్తే అది జీతమున్నోళ్ళ చూపు. నేల మీద కూసున్నోడు పటేల్‌ని చూసే చూపు. ఇగ కెమెరా కంటికి కంటిని సమానంగా చూస్తే అది సంఘం షాట్. సంఘంలో అందరూ ఒకే చాప మీద గుండ్రంగ కూసుంటరు కదా, అందుకని.

సినిమా చదువు చెప్పే కాలేజీల్లో లక్షలు కట్టి నేర్చుకునే ముచ్చటను వాళ్ళు మూడు మాటల్లో చెప్పేసిండ్రు. ఎవరు ఎవర్ని ఎక్కడి నుంచి చూస్తున్నరు అన్నదే కెమెరా రాజకీయం. ఈ కొలబద్ద పట్టుకొని నేను ఈ సినిమాలు చూసిన. మీరూ పట్టుకోండి.

*

మొదలు ఆర్ఆర్ఆర్. 2022 మార్చి 25న వచ్చింది. ప్రపంచమంతా తిరిగింది. 2023 మార్చిలో "నాటు నాటు" పాటకు ఆస్కార్ వచ్చింది. మనోళ్ళు చాలామంది స్టేటస్ పెట్టుకున్నరు. "కొమురం భీమ్ పేరు అమెరికా దాకా పోయింది" అని సంబురపడ్డరు. ఆ సంబురాన్ని నేను తప్పు పట్టను. పాఠ్యపుస్తకంలో రెండు లైన్లకు నోచుకోని మనిషి పేరు వెండితెర మీద కనపడితే రోమాలు నిక్కబొడుచుకుంటయి. కొరడా దెబ్బలు పడుతున్నా మోకాలు వంచని ఆ సీను చూసి ఏడ్వనోడు ఎవడు?

కాని తమ్ముడూ, చివరి సీను గుర్తు చేసుకో. యుద్ధం అయిపోయింది. రామరాజు భీమ్‌ని ఏం కావాలో అడుగుతడు. భీమ్ చదువు కావాలంటడు. రామరాజు జల్ జంగల్ జమీన్ అని రాసి ఇస్తడు.

ఇప్పుడు చరిత్ర విను. భీమ్ 1901లో సంకెపల్లిలో పుట్టిండు. భూమి గుంజుకోవడానికి వచ్చిన సిద్దిఖీ తోని కొట్లాట జరిగినంక ఊరు విడిచి చాందాకు పోయిండు. అక్కడ విఠోబా అనే పత్రిక నడిపే ఆయన దగ్గర ఉండి చదవడం రాయడం నేర్చుకున్నడని ఆయన జీవిత చరిత్రలు చెప్తయి. తర్వాత అస్సాం తేయాకు తోటలకు పోయిండు, కూలీల పోరాటం చూసిండు. వాపస్ వచ్చి బాబెఝరి, జోడేఘాట్ దిక్కు పన్నెండు ఊళ్ళను కూడగట్టి, మా ఊళ్ళ మీద మాకే అధికారం కావాలని నిజాం సర్కారును అడిగిండు. 1940 అక్టోబర్‌లో జోడేఘాట్‌లో ప్రాణం ఇచ్చిండు. ప్రతి ఏడు ఆశ్వయుజ పున్నమికి మనం పోయి మొక్కేది అందుకే.

అంటే చదువు కోసం ఊర్లు దాటిన మనిషి, అధికారులతోని లెక్క ప్రకారం మాట్లాడిన మనిషి, స్వపరిపాలన అనే రాజకీయ డిమాండ్ పెట్టిన మనిషి. ఆయన పోరాటాన్ని ఇయ్యాల మనం ఏ మూడు మాటల్లో చెప్పుకుంటున్నమో, ఆ మూడు మాటలనే ఇంకొకరు రాసిస్తే తీసుకునేటోడిగా చూపించిండ్రు. దీన్ని ఏమంటరు? అల్లూరి 1924 మే 7న చనిపోయిండు. ఇద్దరూ కలుసుకున్న దాఖలా లేదు. ఇది కల్పిత కథ అని సినిమావాళ్ళే చెప్పిండ్రు, సరే. కల్పన చేసుకునే హక్కు ఉంది. కాని కల్పన ఎప్పుడూ ఒకే దిక్కుకు ఎందుకు ఒరుగుతది? అల్లూరి భీమ్ దగ్గర ఏదన్న నేర్చుకున్నట్టు కల్పన చేస్తే కథ పాడైతుండెనా? అడివిలో ఎట్ల బతకాలె, పన్నెండు ఊళ్ళను ఎట్ల ఒక్కటి చెయ్యాలె అని భీమ్ చెప్తుంటే రాజుగారు వింటున్నట్టు ఒక్క సీను పెడితే ఏం పోతుండె?

ఇంకొకటి. "నాటు నాటు" పాట చివర్ల ఎవరు గెలుస్తరు? భీమ్. ఎట్ల గెలుస్తడు? దోస్తు కోసం రామరాజు కావాలని కింద పడ్తడు. ప్రేమతోనే చేసిండు, కాదనను. కాని ఆటలో గెలుపు కూడ మనకు ఇచ్చిందే, చూసిండ్రా? క్లైమాక్సుకు వచ్చేసరికి విల్లంబులు ఎవరి చేతిలో ఉంటయి? రామరాజు చేతిలో, రాముడి వేషంలో. అడివిలో తరతరాలుగా విల్లు పట్టినోళ్ళు ఎవరు? భీమ్ ఆయన్ని భుజాల మీద ఎత్తుకొని పరుగెత్తుతడు. పైన ఒకరు, కింద ఒకరు. పస్తాపూర్ అక్కలను అడిగితే ఇది ఏ షాటో ఒక్క నిమిషంలో చెప్తరు.

ఇంకా పెద్ద మార్పు ఒకటి ఎవరూ పట్టించుకోలే. భీమ్ కొట్లాడింది నిజాం సర్కారుతోని, వాళ్ళ పోలీసులతోని, జంగ్లాత్ వాళ్ళతోని, పన్ను వసూలు చేసేటోళ్ళతోని. సినిమాలో నిజాం తరఫు సలహాదారు వచ్చి, గోండుల జోలికి పోవద్దని తెల్లోళ్ళకు మంచి మాట చెప్తడు. దుష్మన్ మొత్తం తెల్లోడే అయిండు. ఎందుకు? తెల్లోడు 1947లో పోయిండు, ఎవరికీ ఇబ్బంది లేదు. జంగ్లాత్ వాడు ఇంకా ఉన్నడు. పట్టా లేదని చేను దున్ని చెట్లు నాటేటోడు ఇయ్యాల కూడ ఉన్నడు. భీమ్ కథను ఉన్నది ఉన్నట్టు తీస్తే అది ఇయ్యాల్టి కథ అయితది. అదీ అసలు భయం.

మరి అట్ల తీసినోళ్ళు లేరా? ఉన్నరు. అల్లాణి శ్రీధర్ 1990లో "కొమురం భీమ్" తీసిండు. భూపాల్ రెడ్డి భీమ్ వేషం వేసిండు. ఆ సినిమా జనం ముందుకు రావడానికి 2010 దాకా ఆగాల్సి వచ్చింది. ఇరవై ఏండ్లు! ఒకటేమో వందల కోట్లతోని పండుగ లెక్క వస్తది, ఇంకొకటి డబ్బాల్లో పడి ఉంటది.

*

అల్లూరి ముచ్చట వచ్చింది కాబట్టి మన్యం గురించి కూడ చెప్పుకోవాలె. 1974లో కృష్ణ వేసిన "అల్లూరి సీతారామరాజు" ఇప్పటికీ టీవీలో వస్తే ఇంటిల్లిపాదీ కూసుంటం. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడ్డది వందల మంది. రోడ్ల పనికి కూలీ సరిగ్గ ఇయ్యక చావగొట్టిన గూడెం తహసీల్దార్ బాస్టియన్ మీద మండిపోయినోళ్ళు. గాం గంటం దొర, గాం మల్లు దొర ఆ పోరాటానికి ఎముకలు. మల్లు దొర పట్టుబడి ఏండ్ల తరబడి జైల్లో మగ్గి, బతికి బయటపడి, 1952లో విశాఖపట్నం నుంచి మొట్టమొదటి లోక్‌సభకు ఎన్నికయిండు. ఆలోచించు చెల్లే: తెల్లోళ్ళ స్టేషన్ లూటీ చేసిన ఆదివాసి, స్వతంత్ర దేశం పార్లమెంటులో కూసున్నడు. ఇంతకంటే మంచి ఇంటర్వెల్ సీను ఏ రైటర్ రాస్తడు? మల్లు దొర పేరుతోని ఒక్క పోస్టర్ నేను ఇంతవరకు చూడలే. మన్యం పోరాటం అంటే ఒకరి బొమ్మ. మిగిలినోళ్ళంతా వెనక నిలబడి జై కొట్టే గుంపు.

అల్లూరిని తక్కువ చేస్తున్నడని ఎవరన్న అంటరేమో. లేదు. ఆయన మనకోసం ప్రాణం ఇచ్చిన మనిషి, ఆయనకు దండం. నా కోపం ఆయన పక్కన నిలబడ్డోళ్ళను చీకట్లోకి నెట్టిన కెమెరా మీద.

*

ఇప్పుడు మాట ముచ్చట. 2015లో బాహుబలి మొదటి భాగం వచ్చింది. అందులో కాలకేయులు. నల్లటి ఒళ్ళు, వంకర పళ్ళు, మనిషిని చంపి నవ్వే మూక. రాజ్యాలు కట్టినోళ్ళు తెల్లగ అందంగ ఉంటరు, గుంపుగ అడివిదిక్కు నుంచి వచ్చేటోళ్ళు రాక్షసులు. వాళ్ళ కోసం కిలికి అని కొత్త భాషనే పుట్టించిండ్రు. 700కు పైగా మాటలు, వ్యాకరణం కూడ తయారు చేసిండ్రని అప్పట్లో గొప్పగ చెప్పుకున్నరు.

అదే డైరెక్టర్ తర్వాత గోండు వీరుని మీద సినిమా తీస్తే, భీమ్ మూడు గంటలు మాట్లాడేది తెలంగాణ తెలుగు. లేని జాతికి లేని భాష తయారు చెయ్యడానికి టైమ్ ఉంది, పైసలు ఉన్నయి, పండితులు ఉన్నరు. ఉన్న జాతికి ఉన్న భాష పెట్టడానికి మాత్రం ఏదీ లేదు. 2011 జనాభా లెక్కల్లో గోండి మాట్లాడేటోళ్ళు దేశంలో 29 లక్షలకు పైనే. ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊళ్ళో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. ఫోన్లో టైపు చేసుకునే భాష అది! 1940ల్లోనే మార్లవాయిలో గోండు టీచర్లకు ట్రైనింగ్ ఇచ్చి, గోండి వాచకాలతోని బడులు నడిపిండ్రు. డబ్బింగ్ థియేటర్ల దాకా మాత్రం ఆ భాష చేరలే.

ఇగ టీవీ. కామెడీ స్కిట్లలో కోయదొర వేషం చూసే ఉంటరు. మెడలో పూసలు, తలమీద ఈకలు, చేతిలో కట్టె, నోట్లో అర్థం లేని కేకలు. జడ్జీలు పగలబడి నవ్వుతరు. కోయ అన్నది ఒక జాతి పేరు. వాళ్ళకు భాష ఉంది, మేడారంలో సమ్మక్క సారలమ్మ ఉన్నరు, కాకతీయుల సైన్యాన్ని ఎదిరించిన కథ ఉంది. ఆ పేరును నవ్వులాటకు వాడుకున్నరు. ఇంకో జాతి పేరు పెట్టి ఇట్లనే నవ్విస్తే ఆ చానల్ ముందు మర్నాడు ధర్నా ఉండేది. మా జహీరాబాద్ చుట్టుపక్కల తండాల ముసలమ్మలు ఫేటియా, కాంచళి కుట్టుకోవడానికి నెలల తరబడి అద్దాలు, గవ్వలు అతుకుతరు. సినిమాలో ఆ బట్టలు ఎక్కడ కనపడ్తయి? హీరోయిన్ వెనక ఎగిరే గ్రూప్ డాన్సర్ల మీద. అది కూడ సగం కోసేసి.

ఇది నవ్వుకొని మర్చిపోయే ముచ్చట కాదు. ఆ స్కిట్ చూసి నవ్విన పిలగాడే మర్నాడు హాస్టల్లో మన పిలగాన్ని "ఏయ్ కోయదొరా" అని పిలుస్తడు. పిల్ల తన భాషలో ఇంటికి ఫోన్ మాట్లాడాలంటే రూము బయటికి పోయి గుసగుసగ మాట్లాడ్తది. ఒక భాష చచ్చేది ఇట్లనే. ఎవడూ తుపాకి పట్టుకొని రాడు. సిగ్గు చాలు.

*

పుష్ప దగ్గరికి వద్దాం. మనోళ్ళకు బాగా నచ్చిన సినిమా. కూలోడు తగ్గడు, భయపడడు, కాలు మీద కాలేసుకొని కూసుంటడు. మొదటి భాగంలో ఆ కాలు మీద కాలు సీను చూస్తే నాకూ కడుపు నిండింది. అక్కడ ఎవరూ ఏదీ ఇయ్యరు, తనే గుంజుకుంటడు. ఆ పాత్రకు అల్లు అర్జున్‌కు జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది.

కాని గమనించిండ్రా, పుష్ప పైకి పోయిన కొద్దీ కెమెరా కిందికి పోతది. మనం తలెత్తి చూడాలె. జీతమున్నోళ్ళ చూపు! మొదట ఆయన పక్కన గొడ్డలి పట్టిన కూలోళ్ళు ఎక్కడ పోయిండ్రు? రెండో భాగం వచ్చేసరికి హెలికాప్టర్లు, మంత్రులు, వందల కోట్ల లెక్కలు. చెట్టు కొట్టేటోని పేరు కూడ మనకు తెల్వదు.

తెల్వాల్సిన పేర్లు ఉన్నయి. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో 20 మంది కూలీలను పోలీసులు కాల్చి చంపిండ్రు. తమిళనాడు నుంచి వచ్చినోళ్ళు. వాళ్ళలో కొండల మీద బతికే మలయాళి ఆదివాసులు కూడ ఉన్నరు. ఎర్రచందనంలో కోట్లు తిన్నోడు ఆ రోజు అడవిలో లేడు. రోజు కూలికి పోయినోడు ఉన్నడు. పుష్ప సినిమాలో పోలీసు తూటా హీరోకు తగలదు. శేషాచలంలో తగిలింది. ఆ అడవి మీదనే సినిమా తీసి, ఆ ఇరవై శవాల ఊసు లేకుంట "తగ్గేదే లే" అంటే, ఎవడు తగ్గలేదు సామీ?

*

కాంతార 2022లో కన్నడంలో వచ్చి, అక్టోబర్‌లో తెలుగులోకి వచ్చింది. మాకు కర్ణాటక బార్డర్ దగ్గరే కాబట్టి కన్నడంల కూడ చూసినోళ్ళున్నరు. ఆ చివరి ఇరవై నిమిషాలు ఒళ్ళు జలదరిస్తది. ఊరోళ్ళ దేవతను, ఆటను, కొలువును నవ్వులాట చెయ్యకుంట భక్తితోని చూపించిండు. దానికి మెచ్చుకోవాలె.

కాని కథకు మూలం ఏంది? ఒక రాజు మనశ్శాంతి కోసం దేవుణ్ణి తీసుకపోతడు, బదులుగా ఊరోళ్ళకు భూమి ఇస్తడు. తరాల తర్వాత రాజు వంశపోడు ఆ భూమి వాపస్ కావాలంటడు. పోరాటమంతా "మీ తాత ఇచ్చిండు, ఇచ్చింది వాపస్ తీసుకోవద్దు" అన్న దాని మీదనే. అసలు ఆ అడివి రాజుకు ఎట్ల వచ్చిందని ఎవరూ అడగరు. రాజు పుట్టకముందు నుంచి అక్కడ ఉన్నోళ్ళకు, అక్కడి భూమిని ఆయన దానం చేసేది ఏంది? చివర్లో ఫారెస్ట్ ఆఫీసర్ ఊరోళ్ళ చెయ్యి పట్టుకుంటడు. దొర ఒక్కడే చెడ్డోడు, డిపార్ట్‌మెంట్ మంచిదే అని తేలిపోతది. బయట గూడేల్లో జరిగేది మీకు తెలుసు, నేను చెప్పేదేముంది.

ఇక్కడ ఒక చట్టం గుర్తు పెట్టుకోండి. 2006 అటవీ హక్కుల చట్టం. దాని పేరులోనే "గుర్తింపు" అన్న మాట ఉంది. అడివి బిడ్డలకు చరిత్రలో అన్యాయం జరిగిందని ఆ చట్టం పీఠికలోనే ఒప్పుకుంది. హక్కులు "ఇస్తున్నం" అనలే. ఉన్న హక్కుల్ని "గుర్తిస్తున్నం" అన్నది. ఇయ్యడం వేరు, గుర్తించడం వేరు. ఇచ్చినోడు వాపస్ తీసుకోవచ్చు. గుర్తించినోడు తీసుకోలేడు, ఎందుకంటే అది ఎన్నడూ వానిది కాదు. పార్లమెంటు ఒప్పుకున్న ఈ తేడాను సినిమా ఇంకా ఒప్పుకోలే. మీటింగుల్లో మన నాయకులు కూడ "ప్రభుత్వం మాకు పట్టాలు ఇచ్చింది" అని దండలు వేస్తున్నరంటే, ఆ మాట మన నోట్లోకి ఎక్కడి నుంచి వచ్చింది? చిన్నప్పటి నుంచి చూసిన ఈ బొమ్మల నుంచి కూడ వచ్చింది.

*

మరి ఒక్క మంచి సినిమా లేదా? ఉంది. జై భీమ్. 2021 నవంబర్‌లో నేరుగా అమెజాన్ ప్రైమ్‌లో వచ్చింది. 1993లో తమిళనాడులో జరిగిన లాకప్ చావు కేసు, ఆ కేసు వాదించిన లాయర్ చంద్రు తర్వాత హైకోర్టు జడ్జి అయిండు.

ఇందులో కూడ కాపాడేటోడు బయటి మనిషే, పెద్ద హీరోనే. నిజంగ దెబ్బతిన్న కుటుంబం కురవ సముదాయం, సినిమాలో ఇరుళర్ అని మార్చిండ్రు. ముఖ్యమైన పాత్రలు వేసినోళ్ళు ఇరుళర్లు కాదు. ఈ లోపాలు ఉన్నయి, దాచాల్సిన పని లేదు. అయినా నేను ఎందుకు మెచ్చుకుంటున్న? రెండు షాట్ల కోసం.

మొదటిది: నిండు గర్భిణి సినతల్లి స్టేషన్ నుంచి ఇంటికి నడిచిపోతుంటది. పోలీసు జీపు వెనకాల వస్తూ, ఎక్కమని బతిమాలుతది. ఆమె ఎక్కదు. జీపు ఆమె నడక వేగానికే నడవాల్సి వస్తది. ఆమె చేతిలో ఏమీ లేదు, ఎవరూ ఏమీ ఇయ్యలే. ఇచ్చినదాన్ని వద్దన్నది. రెండోది చివరిది: ఆమె బిడ్డ లాయరు ఎదురుంగ కుర్చీలో కాలు మీద కాలేసుకొని పేపరు పట్టుకుంటది. ఆయన్ని చూస్తది, ఆయన సరే అన్నట్టు చూస్తడు. పిల్ల చదువు కావాలని చెయ్యి చాపలే. పేపరు తీసుకున్నది, కూసున్నది. ఆర్ఆర్ఆర్ చివరి సీను పక్కన ఈ సీను పెట్టి చూడండి. రెండిట్లో ముచ్చట చదువే. ఒకటి పటేల్ షాట్, ఒకటి సంఘం షాట్. ఆ ఏడాది జాతీయ అవార్డుల్లో పుష్పకు దక్కింది, జై భీమ్‌కు ఒక్కటీ దక్కలే. లెక్క మీరే చూసుకోండి.

ఇంకో అడుగు ముందుకు పోయినోళ్ళు కూడ ఉన్నరు. మలయాళ డైరెక్టర్ ప్రియనందనన్ 2022లో "ధబారి క్యురువి" అని ఇరుళ భాషలోనే సినిమా తీసిండు. నటించినోళ్ళంతా ఆదివాసులే. జార్ఖండ్‌లో ఉరావ్ జాతి బిడ్డ బిజు టోప్పో ఏండ్ల నుంచి గనుల మీద, భూముల మీద, పాటల మీద డాక్యుమెంటరీలు తీసి జాతీయ అవార్డులు కూడ తీసుకున్నడు. కాబట్టి "మీలో తీసేటోళ్ళు ఎవరున్నరు?" అనే ప్రశ్న నడవదు.

*

ఇప్పుడు ఆ పాత మాటకు జవాబు. సినిమాని సినిమాలెక్క చూడాలె అంటరు. సరే, చూద్దాం. కాని తహసీల్దార్ ఆఫీసులో కూసున్న ఆయన కూడ ఇవే సినిమాలు చూసి పెరిగిండు. ఫారెస్ట్ రేంజర్ చూసిండు, కోర్టులో ప్లీడరు చూసిండు. మన తాత వచ్చి "ఈ చెల్క మా తాతల నాటిది" అంటే వాళ్ళ చెవికి అది ఎట్ల వినపడ్తది? అమాయకుడు, చదువు రాదు, ఎవరో చెప్పి పంపిండ్రు అని వినపడ్తది. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, క్లెయిములు తిరస్కరించిన కుటుంబాలను అడవి నుంచి ఖాళీ చేయించమన్నది. దేశమంతా గొడవ అయినంక అదే నెల 28న ఆ ఆర్డరును ఆపింది. ఆ తిరస్కరణల్లో ఎన్ని సరిగ్గ విచారించినవి, ఎన్ని మన మాటకు విలువ లేక కొట్టేసినవి? మన మాటకు విలువ తగ్గించిన వాటిల్లో తెర మీది బొమ్మ కూడ ఒకటి.

మా దిక్కు కూడ చెప్త. న్యాల్కల్, ఝరాసంగం మండలాల్లో నిమ్జ్ కోసం 12 వేల ఎకరాలకు పైగా అనుకున్నరు. ఇట్లాంటి ప్రాజెక్టుల వీడియోలు చూడండి. డ్రోన్ పైకి లేస్తది, కింద ఖాళీ ఎర్ర నేల కనపడ్తది. అంత ఎత్తు నుంచి చూస్తే జొన్న కనపడదు, కంది కనపడదు, గొర్లు కాసే పిలగాడు కనపడడు. అన్నిటికంటే పెద్ద పటేల్ షాట్ డ్రోన్‌ది. నేల మీద నిలబడి చూస్తేనే అది ఒకరి చేను.

కాబట్టి ఏం చెయ్యాలె? బాయ్‌కాట్ అని నేను అనను. చూడండి, నచ్చితే చప్పట్లు కొట్టండి. కాని చూసినంక అడగండి: ఇందులో మనకు ఎవరు ఏం ఇస్తున్నరు? అది ముందు నుంచి మనది కాదా? ఈ ప్రశ్న తమ్ముళ్ళతోని, చెల్లెళ్ళతోని, బడిలో టీచర్‌తోని మాట్లాడండి. కోయదొర స్కిట్ వస్తే నవ్వి ఫార్వర్డ్ చెయ్యకండి. ఆ చానల్‌కు పేరు పెట్టి రాయండి, పది మంది సంతకాలు పెట్టండి.

అంతకంటే ముఖ్యం, ఫోన్ చేతిలో ఉంది కదా. రీల్స్ చెయ్యండి, వద్దనను. రీల్స్‌కు ముందు ఒక పని చెయ్యండి. ఊళ్ళో అందరికంటే పెద్ద మనిషి పక్కన కూసోండి. పక్కన, ఎదురుంగ నిలబడి కాదు. కెమెరా ఆయన కండ్ల ఎత్తులో పెట్టండి. ఆయన భాషలోనే అడగండి: ఈ చెల్క ఎవరు కొట్టిండ్రు, బావి ఎప్పుడు తవ్విండ్రు, దేవుని చెట్టు ఎక్కడ, మన పెద్దలను ఎక్కడ పాతిపెట్టినం. అటవీ హక్కుల నియమాల్లో 13వ నియమం చూడండి. క్లెయిమ్ పెట్టినోడు కాకుండ వేరే పెద్దమనిషి చెప్పిన మాటను రాసి పెడితే అది సాక్ష్యమే. పవిత్రమైన చెట్లు, వనాలు, శ్మశానాలు కూడ సాక్ష్యమే. మీరు తీసిన వీడియో చూసి ఆ మాటలు కాగితం మీద పెట్టండి, గ్రామసభలో చదవండి, తీర్మానం చెయ్యండి. తాత పోతే ఆ మాట పోతది. ఫోన్లో ఉంటే, కాగితం మీద ఉంటే, గ్రామసభ రిజిస్టర్లో ఉంటే పోదు.

బడి మొఖం చూడని పస్తాపూర్ అక్కలు పెద్ద కెమెరా మోసుకొని, బ్యాటరీలు మోసుకొని ఇది చేసి చూపించిండ్రు. మీకు డిగ్రీలు ఉన్నయి, జేబులో అంతకంటే మంచి కెమెరా ఉంది. మనకు ఎవరూ మూడు మాటలు రాసివ్వాల్సిన పని లేదు. ఈ ఆదివారం ఒక్క పెద్దమనిషి పక్కన కూసోండి. తీసింది ఇక్కడ పెట్టండి, అందరం చూద్దాం.

జై జోహార్. జల్, జంగల్, జమీన్.